ఫోన్ వల్ల బ్రెయిన్ ట్యూమర్ వస్తుందా? మా అన్నయ్య విషయంలో నేను చేసిన తప్పు

"బ్రో, ఫోన్ తల పక్కన పెట్టుకుని పడుకుంటే బ్రెయిన్ ట్యూమర్ వస్తుందా?" నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఇన్నాళ్లూ ఎస్ఏఆర్ వాల్యూ చెప్పి ఊరుకునేవాడిని. ఈసారి పూర్తిగా చెప్తాను, ఎందుకంటే ఇది మా ఇంట్లోనే జరిగింది.

గత ఏడాది మా పెద్దనాన్న కొడుక్కి తలనొప్పి మొదలైంది. పొద్దున్నే లేవగానే ఎక్కువ, ఒక్కోసారి వాంతులు కూడా. "రాత్రంతా ఆ ఫోన్ చూస్తే రాదా మరి!" అన్నారు ఇంట్లో. నేనేమో బ్లూ లైట్ ఫిల్టర్ ఆన్ చెయ్, బ్రైట్‌నెస్ తగ్గించు అని సలహా ఇచ్చాను. అలా రెండు నెలలు పోయాయి. ఒకరోజు ఆఫీసులో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఎమ్మారై తీస్తే మెదడు చుట్టూ ఉండే పొరలో ట్యూమర్ కనిపించింది.

ముందు ఫోన్ సంగతి

ఫోన్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. డీఎన్ఏని తెంచేంత శక్తి వాటికి లేదు. 2011లో డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు' అనే 2బి గ్రూపులో పెట్టింది. ఇప్పటికీ అందరూ దాన్నే చూపిస్తారు. కానీ 2024లో డబ్ల్యూహెచ్ఓ చేయించిన సమీక్షలో 63 అధ్యయనాలు పరిశీలించినా, ఫోన్ వాడకానికీ బ్రెయిన్ క్యాన్సర్‌కీ సంబంధం కనపడలేదు. మన దేశంలో ఎస్ఏఆర్ లిమిట్ కిలోకి 1.6 వాట్లు. మీ ఫోన్‌లో ఎంతో తెలుసుకోవాలంటే *#07# డయల్ చేయండి.

ట్యూమర్ అంటే క్యాన్సరేనా?

కాదు. అన్నయ్యకి వచ్చింది మెనింజియోమా. ఈ రకంలో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. ట్యూమర్లకి 1 నుంచి 4 వరకు గ్రేడ్లు ఉంటాయి. గ్రేడ్ 4 గ్లియోబ్లాస్టోమా చాలా మొండిది. ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మందు వాడినా మళ్లీ తిరగబెడుతుంది.

ట్రీట్‌మెంట్‌లో టెక్నాలజీ

ఆపరేషన్ థియేటర్‌లో న్యూరోనావిగేషన్ ఉంటుంది. మన మ్యాప్స్‌లాగే, సర్జన్ పరికరం మెదడులో ఎక్కడుందో ఎమ్మారై ఇమేజ్ మీద చూపిస్తుంది. ట్యూమర్ మాటకీ కదలికకీ సంబంధించిన భాగాల దగ్గరుంటే, పేషెంట్‌ని మెలకువగా ఉంచి మాట్లాడిస్తూ ఆపరేషన్ చేస్తారు. 2017లో గుంటూరులో ఒక పేషెంట్‌కి ఇలాగే బాహుబలి 2 చూపిస్తూ చేశారు!

గామా నైఫ్‌లో అసలు కత్తే ఉండదు. దాదాపు 200 సన్నని గామా కిరణాలు ఒకే చోట కలుస్తాయి. ఒక్కో కిరణం బలహీనమే, కలిసిన చోట మాత్రం ట్యూమర్‌ని దెబ్బతీస్తాయి. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ బృందం 1968లోనే దీన్ని పేషెంట్ల మీద వాడింది. ఇది చిన్న ట్యూమర్లకే పనికొస్తుంది. అన్నయ్యది పెద్దది కాబట్టి ఆపరేషన్ చేసి తీసేశారు. రిపోర్ట్‌లో గ్రేడ్ 1 అని వచ్చింది. ఇప్పుడు బాగున్నాడు, చెకప్ ఎమ్మారైలు మాత్రం తప్పవు.

తలనొప్పుల్లో చాలావాటికి ట్యూమర్ కారణం కాదు, కంగారు పడకండి. కానీ రోజురోజుకీ పెరిగే తలనొప్పి, పొద్దున్నే వాంతులు, మొదటిసారి ఫిట్స్, చూపు మసకబారడం, ఒకవైపు చెయ్యో కాలో బలహీనపడటం, మాట తడబడటం లాంటివి కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఫిట్స్ వచ్చినా, మాట ఉన్నట్టుండి పడిపోయినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

ఎవరైనా తలనొప్పి అంటే ఇప్పుడు నేను డిస్‌ప్లే సెట్టింగ్స్ చెప్పట్లేదు. ఎన్ని రోజుల నుంచి, పొద్దున్నే ఎక్కువా అని అడుగుతున్నాను.