జీటీ 1030: పేరు ఒకటే, కార్డులు రెండు

పాత డెస్క్‌టాప్‌కు తక్కువ ఖర్చులో గ్రాఫిక్స్ కార్డు వేయించాలనుకునేవారికి తరచుగా వినిపించే పేర్లలో ఎన్విడియా జీఫోర్స్ జీటీ 1030 ఒకటి. 2017 మేలో మార్కెట్లోకి వచ్చింది. అయితే ఈ పేరుతో రెండు రకాల కార్డులున్నాయి. తేడా తెలియకుండా కొంటే నష్టపోయేది కొనుగోలుదారుడే.

మొదట వచ్చిన కార్డుకు 30 వాట్ల విద్యుత్తు చాలు. అది మదర్‌బోర్డు స్లాట్ నుంచే అందుతుంది. విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిన పని లేదు. చిన్న క్యాబినెట్‌లో పట్టే మోడళ్లూ ఉన్నాయి. ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్లకు ఇది సరిపోవడానికి కారణం ఇదే.

తేడా ఎక్కడ?

మొదటి రకంలో ఉన్నది జీడీడీఆర్5 మెమరీ. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ ఉన్న రకం వచ్చింది. రెండింటిలోనూ 384 కోర్లు, 2 జీబీ మెమరీ, 64 బిట్ల మార్గం ఉంటాయి. కానీ మెమరీ నుంచి చిప్‌కు సమాచారం చేరే వేగం మొదటి దానిలో సెకనుకు 48 జీబీ కాగా, రెండో దానిలో 16.8 జీబీ మాత్రమే. అంటే దాదాపు మూడో వంతు. ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి ధార సన్నగా ఉంటే బిందె ఆలస్యంగా నిండుతుంది. ఇక్కడా అంతే. చిప్ పని చేయడానికి సిద్ధంగా ఉన్నా, సమాచారం కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. సినిమాలు చూడటానికి, ఆఫీసు పనికి ఈ తేడా అంతగా తెలియదు. గేముల్లో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కొనేముందు

'2 జీబీ' అన్న అంకె చూసి తృప్తిపడకూడదు. పెట్టె మీద మెమరీ రకం చదవాలి. సెకండ్ హ్యాండ్ కార్డయితే జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మెమరీ రకం, బ్యాండ్‌విడ్త్ సరిచూసుకోవచ్చు.

రెండు రకాలకూ వర్తించే పరిమితులూ ఉన్నాయి. వీడియో ఎన్‌కోడింగ్‌కు ప్రత్యేక విభాగం వీటిలో లేదు కనుక, స్క్రీన్ రికార్డింగ్, లైవ్ స్ట్రీమింగ్ భారం ప్రాసెసర్‌పైనే పడుతుంది. ఏవీ1 వీడియోల డీకోడింగ్ సదుపాయమూ లేదు. పైగా ఈ తరం కార్డులకు కొత్త గేముల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. ఇకపై భద్రతా అప్‌డేట్లు మాత్రమే, అవీ 2028 అక్టోబరు వరకే.

మానిటర్ అవుట్‌పుట్ కోసమో, పాత గేముల కోసమో అయితే జీడీడీఆర్5 రకం ఇప్పటికీ పనికొస్తుంది. అదే ధరకు డీడీఆర్4 రకం అంటగడితే వద్దనడమే మేలు.