వినిపించని తొప్పి: ఇంటి స్టూడియోలో మృదంగ ధ్వనిగ్రహణం

ప్రవాస తెలుగు కుటుంబాలకు సుపరిచితమైన దృశ్యమొకటుంది. అమెరికాలో శనివారం తెల్లవారేసరికి విజయవాడలోనో చెన్నైలోనో సాయంకాలమవుతుంది. లాప్‌టాప్ ముందు మృదంగంతో కూర్చున్న శిష్యుడు పాఠం అప్పజెబుతాడు. అవతల నుంచి గురువు, “ఎడమచేయి పలకడం లేదు, ఇంకా సాధన చేయాలి” అంటారు. శిష్యుడు మరింత బలంగా వాయిస్తాడు. కొన్ని వారాలు గడిచేసరికి మణికట్టు బిగుసుకుంటుంది, నాదం మొరటుదేరుతుంది. లోపం నిజంగా చేతిలోనే ఉందా? ఆ ధ్వని అసలు గురువును చేరిందా? ఈ ప్రశ్న వేసుకోకుండా చేసిన నిర్ణయం రోగిని పరీక్షించకుండా రాసిన మందుచీటీ వంటిది.

వీడియో సంభాషణల సాఫ్ట్‌వేర్ మాటల కోసం తయారైనది. నేపథ్యంలోని రొదను అణచివేసే దాని యంత్రాంగం మృదంగాన్ని కూడా రొదగానే లెక్కగడుతుంది. ఆపైన అవతలివైపు ఫోనులోని చిన్న స్పీకరు మంద్రధ్వనులను దాదాపు పలికించలేదు. కనుక మొదటి చికిత్సకు ఖర్చు లేదు. ఆ రొద నివారణను ఆపివేయాలి, గురువును మంచి హెడ్‌ఫోన్స్‌తో వినమని కోరాలి. అప్పటికీ తృప్తి కలగకపోతేనే పరికరాల కొనుగోలు గురించి ఆలోచించాలి.

వాద్యం ఒకటి, ధ్వనులు రెండు

ఏ పరికరం కావాలో తెలియాలంటే ముందుగా మృదంగం ఎలా మోగుతుందో తెలియాలి. సాధారణమైన గుండ్రని పొరను బిగించి కొడితే పుట్టే అనుస్వరాలు మూలస్వరానికి 1.59, 2.14, 2.30 రెట్ల వంటి పొంతన లేని నిష్పత్తులలో ఉంటాయి. అందుకే చాలా డోళ్లకు శబ్దమే తప్ప స్పష్టమైన శ్రుతి ఉండదు. మృదంగం, తబలా దీనికి మినహాయింపులు. బాల్యంలో కొంతకాలం విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో సహరచయితతో కలిసి ఈ విషయాన్ని ప్రకటించి, 1934లో మరింత విపులంగా వివరించాడు. కుడిమూత మధ్యన మెత్తే నల్లని కరణి బరువు వల్ల పొరలోని తొమ్మిది కంపనరీతులు ఐదు స్వరాలుగా కూడుకుంటాయి. ఆ ఐదూ 1, 2, 3, 4, 5 అనే పూర్ణాంక నిష్పత్తులలో ఉంటాయి. అందుకే కుడిమూత తంత్రీవాద్యంలాగా శ్రుతి పలుకుతుంది.

ఎడమమూత, అంటే తొప్పి, సంగతి వేరు. వాయించే ముందు దానిపై రవ్వముద్ద అంటిస్తారు. ఆ బరువుతో ధ్వని మంద్రంలోకి దిగుతుంది. మణికట్టు ఒత్తిడితో దాన్ని సాగదీసి పలికించే గుంకీలోనే ఈ వాద్యపు జీవమంతా ఉంది. ఒకవైపు సూదిమొనల వంటి హెచ్చు పౌనఃపున్యాలు, మరోవైపు నెమ్మదిగా ఉప్పొంగే మంద్రం, రెండూ ఎదురెదురు దిశలలో వెలువడతాయి. ఒకేచోట వీటి సమతౌల్యాన్ని పట్టుకోవడమే అసలు సమస్య.

వైద్యులు వాడే స్టెతస్కోపు ఇటువంటి సమస్యకే ఒక పరిష్కారం. దాని గంట ఆకారపు వైపు మంద్రమైన గుండె చప్పుళ్లకు, పలుచని పొర ఉన్న వైపు హెచ్చు స్థాయి చప్పుళ్లకు అనువైనవి. అయితే స్టెతస్కోపు ఎంత ఖరీదైనదైనా, ఛాతీ మీద చోటు తప్పితే వినవలసినది వినబడదు. మైక్రోఫోను విషయంలోనూ ఇదే సూత్రం: ముందు చోటు, తరువాతే సాధనం.

గది అనే మూడో మూత

ధ్వనిగ్రహణంలో గదికూడా వాయిస్తుంది. నూరు హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 3.4 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య కూడా అంతే దూరముంటే, 50 హెర్ట్జ్ వద్దా దాని గుణిజాల వద్దా స్థిరతరంగాలు ఏర్పడతాయి. అప్పుడు మంద్రధ్వని ఒకచోట ఉబ్బిపోతుంది, మరోచోట మాయమవుతుంది. అంగుళం మందం స్పాంజి పలకలు చప్పట్ల ప్రతిధ్వనిని తగ్గిస్తాయే గాని, తొప్పి ధ్వనిని తాకనైనా తాకవు. గుడ్ల అట్టలు అంతకంటే నిష్ప్రయోజనం.

కాబట్టి గోడలకు ఏదైనా అంటించే ముందు వాద్యకారుణ్ణి కదపాలి. గదిలో నాలుగైదు చోట్ల అదే పాఠాన్ని వాయించి, రికార్డుచేసి, పోల్చి చూడాలి. సరిగ్గా మధ్యలోనూ మూలలోనూ కాకుండా మరోచోట సాధారణంగా మేలైన ఫలితం వస్తుంది. తివాచీ, పుస్తకాల అలమర, గోడకు కొంచెం ఎడంగా వేలాడదీసిన బొంతలు చాలావరకు పనిచేస్తాయి. రికార్డు చేసేంతసేపు హీటరు, ఏసీ ఆపివేయాలి. చలికాలంలో హీటరు వల్ల గాలి పొడిబారి చర్మం బిగుసుకుంటుంది, శ్రుతి పైకి పోతుంది. కనుక వాద్యాన్ని గదిలో కొంతసేపు ఉంచి, ఆ తరువాతే శ్రుతి చేయాలి.

ఏ మైక్రోఫోను, ఎక్కడ?

మైక్రోఫోన్లు ప్రధానంగా రెండు రకాలు. డైనమిక్ రకంలో పొరతోపాటు తీగచుట్ట కూడా కదలాలి. అది దృఢమైనది, పెద్ద శబ్దాలకు వెరవదు. 1965 నుంచి వాడుకలో ఉన్న షూర్ ఎస్‌ఎం57 ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కండెన్సర్ రకంలో పొర చాలా తేలిక, అందువల్ల వేలిమొనల విడివిడి దెబ్బలను స్పష్టంగా అందుకుంటుంది. దానికి సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి.

ఒక్కటే కొనగలిగితే చిన్న పొర గల కండెన్సర్ మేలు. దాన్ని మృదంగానికి ఎదురుగా, రెండు మూతలకూ సమదూరంలో, 60 నుంచి 75 సెంటీమీటర్ల ఎడంగా, కొంచెం ఎత్తులో నిలపాలి. తొప్పి తగ్గిందనిపిస్తే మీట తిప్పనక్కరలేదు, మైక్రోఫోనును ఎడమకు జరపాలి. రెండు కొనగలిగితే కుడికి ఈ కండెన్సర్, ఎడమకు డైనమిక్ లేదా పెద్ద పొర గల కండెన్సర్ సరిపోతాయి. ముందువైపు ధ్వనినే ఎక్కువగా స్వీకరించే కార్డియాయిడ్ రకాన్ని మరీ దగ్గరగా పెడితే మంద్రం కృత్రిమంగా పెరుగుతుంది. అది తొప్పికి కొంత సాయపడినా మోతాదు మించితే గుంకీ గుంజుడుగా మారుతుంది.

రెండు మైక్రోఫోన్లు పెట్టినప్పుడు మరో చిక్కుంది. కుడిమూత ధ్వని కుడి మైక్రోఫోనుకు ముందు, ఎడమదానికి కొంత ఆలస్యంగా చేరుతుంది. ఆ రెండింటినీ కలిపినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఒక్కో మూతకు 20 సెంటీమీటర్ల దూరంలో మైక్రోఫోను పెడితే, 60 సెంటీమీటర్ల పొడవున్న మృదంగానికి అవతలి మూత ధ్వని నాలుగు రెట్ల దూరం నుంచి, అంటే సుమారు 12 డెసిబెల్స్ తక్కువగా వస్తుంది. అప్పుడు ఈ నష్టం స్వల్పం. రెండింటినీ కలిపి మోనోలో విన్నప్పుడు తొప్పి పలచబడితే, ఒక మైక్రోఫోనును కొద్దికొద్దిగా జరిపి చూడాలి.

లెక్క, మోతాదు

ధ్వనిని అంకెలుగా మార్చే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు రెండు మైక్రోఫోను ద్వారాలు, ఫాంటమ్ పవర్, 24 బిట్ నమోదు ఉంటే చాలు. సెకనుకు 48,000 నమూనాలు ధారాళం. 24 బిట్‌లో స్థాయిని అంచుదాకా పెంచవలసిన పని లేదు. ముక్తాయింపులోని అతి పెద్ద దెబ్బను వాయించి చూసి, అది గరిష్ఠానికి 10 నుంచి 12 డెసిబెల్స్ దిగువన ఉండేలా సరిచేసుకోవాలి. గరిష్ఠాన్ని దాటి తెగిపోయిన దెబ్బను ఆ తరువాత అతికించడం కష్టం.

వినడానికి చెవులను మూసి ఉంచే హెడ్‌ఫోన్స్ వాడాలి, వాటిలోనూ మోతాదు పాటించాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది 15 నిమిషాలే. పోయిన లోపలిచెవి కణాలు తిరిగి మొలవవు. మైక్రోఫోను పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు.

పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి విద్వాంసుడు కచేరీలలో మైక్రోఫోనునే వద్దన్నాడు. ఇంటి గదిలో, గురువుకు సముద్రాలకావల ఉన్న శిష్యుడికి ఆ వెసులుబాటు లేదు. అతనికి మైక్రోఫోనే గురువు చెవి. అది తొప్పిని వినగలదో లేదో తేల్చుకున్నాకే అతని ఎడమచేతిని దిద్దడం న్యాయం.