ఉపసర్గలు గల ఆంగ్లపదాలలో అక్షర విభజన, ఊనిక

మిర్యాలగూడ అనే పేరులో ‘ర్యా’ రాతలో ఒకే అక్షరం. పలికేటప్పుడు రేఫ ముందరి ‘మి’ని చేరుతుంది, అందుచేత హ్రస్వమైనా ‘మి’ ఛందస్సులో గురువవుతుంది. రాతలోని విభజన, ఉచ్చారణలోని విభజన ఒకటి కావని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విద్యార్థులకు ఊరిపేర్లతోనే బోధించవచ్చు.

ఆంగ్ల ఉపసర్గల తీరూ ఇటువంటిదే. ‘మిస్‌టైమ్’లో ఉపసర్గార్థం సజీవం. ‘మిస్’ విడిగా నిలుస్తుంది. తరువాతి టకారం మహాప్రాణమై ఠకారానికి చేరువవుతుంది. ‘మిస్టేక్’లో ఉపసర్గ పదంలో లీనమైంది, స, ట లు ఒకే అక్షరంలో కలవడం వల్ల టకారం అల్పప్రాణంగానే ఉంటుంది.

ఊనిక మరొక అంశం. ‘రికార్డు’ ఆంగ్లంలో నామవాచకమైతే మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండవ అక్షరం మీద ఊనిక పడుతుంది. తెలుగులో ఊనిక అర్థభేదకం కాదు. దీర్ఘం, ద్విత్వం అర్థాన్ని మారుస్తాయి. అందువల్ల తెలుగువారు ఆ రెండింటినీ సాధారణంగా ఒకే తీరుగా పలుకుతారు. వ్యాకరణం తప్పకపోయినా వినేవారు తడబడవచ్చు.

గురువును ఊనికగా భావించరాదు. ‘కోదాడ’లో గురువులు రెండు, ఆంగ్లపదంలో ప్రధానమైన ఊనిక ఒక్కటే. కాబట్టి బోధనలో గురులఘువుల పరిచయాన్ని అక్షర విభజనకు ఆధారం చేసుకొని, ఊనికకు వేరొక గుర్తు వాడడం సముచితం.