గిటారు గుర్రం ఊడితే

అర్ధరాత్రివేళ ఇంట్లో ఫెళ్ళుమని చప్పుడయింది. అందరం ఉలిక్కిపడి లేచాము. పిల్లి ఏ గిన్నెనో దొర్లించిందనుకుని మా చెల్లెలు వంటింట్లోకి పరుగెత్తింది. తీరా చూస్తే పిల్లీ లేదు, గిన్నే లేదు. గోడకు ఆనించిన గిటారు తంత్రులు సడలి వేలాడుతున్నవి. వాటి కొసన నల్లని కర్రముక్క ఒకటి ఊగులాడుతున్నది.

ఆ గిటారు మా బావగారిది. 1974లో మద్రాసు మూర్ మార్కెట్టులో కొన్నారు. ఆయన పోయిన తరువాత అది రేకులకప్పు కింద, అటకమీద ఏళ్ళ తరబడి పడి ఉన్నది. కిందటి వేసవిలో మా మేనల్లుడు దాన్ని దించి, దుమ్ము దులిపి, కొత్త తంత్రులు వేశాడు. మూడవనాటి రాత్రే ఈ గొడవ.

తెల్లవారేసరికి అబ్బాయి బజారునుంచి ఎపాక్సీ జిగురు తెచ్చాడు. "అయిదు నిమిషాల్లో అతుక్కుంటుంది, మామయ్యా! ఇక జన్మలో ఊడదు" అన్నాడు. ఆ జన్మలో ఊడదన్న మాటకే నాకు భయం వేసింది. ఇంట్లో బావగారి చేయి తగిలిన వస్తువు మరొకటి లేదు. "రెండు రోజులు ఆగరా" అని బతిమాలి, పాత వాయిద్యాలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరకు తీసుకువెళ్ళాను. అక్కడ చూసినదీ, విన్నదీ పాఠకులకు మనవి చేస్తున్నాను.

గిటారు పైపలకమీద తంత్రుల కొసలను పట్టి ఉంచే కర్ర పేరు ఇంగ్లీషులో బ్రిడ్జి. మన ఫిడేలువారు దాన్ని గుర్రం అంటారు. అయితే ఆ గుర్రానికీ ఈ గుర్రానికీ పెద్ద భేదమున్నది. ఫిడేలు గుర్రాన్ని ఎవరూ అతికించరు. తంత్రులు దానిమీదుగా పోయి వెనుక మరొకచోట ముడిపడతాయి. వాటి ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. మామూలు గిటారులో తంత్రులు గుర్రం దగ్గరే ముగుస్తాయి. అందుచేత అవి దాన్ని నొక్కవు, ముందుకు లాగుతాయి. ఆరు ఉక్కు తంత్రులు శ్రుతిలో ఉన్నప్పుడు ఆ లాగుడు మొత్తం సుమారు 70 కిలోలు. అంటే ఒక నిండుమనిషి రాత్రింబవళ్ళు వేలాడుతున్నట్లే! దాన్ని ఆపేది జానెడుకంటే తక్కువ పొడవు, రెండు వేళ్ళ వెడల్పు గల అతుకు. దాని కింది పలక మందం మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ.

"ఎక్కడ ఉంచారు బాబూ, దీన్ని?" అన్నది ముసలాయన మొదటి ప్రశ్న. అటకమీద అన్నాము. ఆయన నవ్వాడు. కొయ్య జిగుళ్ళలో చాలావాటికి వేడి పడదు. ఎండలో తలుపులు మూసి ఉంచిన కారులో వేడి 60 డిగ్రీలు దాటగలదు; ఆ వేడికి అతుకు మెత్తబడుతుంది. వేసవిలో రేకుల కింద ఉన్నదీ కొంచెం అటువంటిదే. అబ్బాయి వేసినవి లావు తంత్రులు. లావు ఎక్కినకొద్దీ లాగుడూ ఎక్కుతుంది. మూడవ తప్పు చేసినవాడిది. గుర్రం ఉండవలసినచోట సగంమేర పలకమీద వార్నీషు అలాగే ఉన్నది. జిగురు అక్కడ పట్టుకున్నది వార్నీషునే గాని కర్రను కాదు.

అబ్బాయి ఎపాక్సీ గొట్టం చూపించాడు. "గట్టిదే బాబూ, కాదనను. కాని రేపు మళ్ళీ విప్పవలసి వస్తే శుభ్రంగా వదలదు. పలక పొరలు కూడా లేచివస్తవి" అన్నాడాయన.

ఆయన వాడినది తోలు ఉడికించి చేసే పాతకాలపు జిగురు. అది ఆరితే రాయి. వేడీ తడీ తగిలితే వదులుతుంది. 1737లో కాలం చేసిన స్ట్రాడివారి ఫిడేళ్ళు నేటికీ పలుకుతున్నాయంటే, ఆ జిగురువల్ల వాటిని విప్పి బాగుచేయగలగడం ఒక కారణం. మన వీణె మెట్లను మైనంలో కూర్చడంలోనూ ఇదే తెలివి ఉన్నది. మైనం చెడితే కొత్తది వేసి, మెట్లు సరిచేసుకోవచ్చు.

ఇక పని. పాత జిగురునూ, వార్నీషునూ పదునైన ఉలితో మెల్లగా గీకివేశాడు. గుర్రం అడుగు పలకకు సరిపోయిందో లేదో వెలుతురుకు పట్టి చూశాడు. జిగురు లేకుండానే ఒకసారి బిగించి చూసుకున్నాడు. గుర్రం స్థానం ముఖ్యం. అది ఒక్క మిల్లీమీటరు జరిగినా పై మెట్లలో శ్రుతి తప్పుతుంది. అందుకని తంత్రుల రంధ్రాలలో రెండు మేకులు దూర్చి గురుతు పెట్టాడు. తరువాత రెండు ముక్కలనూ కొంచెం వెచ్చచేసి, జిగురు రాసి, లోపల ఆసరాచెక్క పెట్టి, నాదరంధ్రంగుండా క్లాంపులు దూర్చి బిగించాడు. పొంగిన జిగురును తడిగుడ్డతో తుడిచాడు. ఇదంతా జిగురు చల్లబడేలోగా జరగాలి.

గుర్రం పూర్తిగా ఊడకముందే కనిపెట్టవచ్చునట. వెనుక అంచుకింద పలుచని కాగితం దూరితే వెంటనే తంత్రులు వదులుచేయాలి. సగం లేచినదాన్ని వేడిచేసి, పలుచని కత్తితో ఓపికగా విడదీయాలి. తొందరపడి పెరికితే పలకే చిరుగుతుంది.

నాలుగు రోజులు ఆగాము. పలుచని తంత్రులు వేసి, ఒకేసారి కాక రెండు రోజులమీద శ్రుతికి తెచ్చాడు. ఖర్చు ఒక జత చెప్పుల ధరకు మించలేదు.

ఆ సాయంకాలం అబ్బాయి వాకిట్లో కూర్చుని మీటుతుంటే, వంటింట్లో మా చెల్లెలు తిప్పుతున్న గరిటె ఆగింది. కాసేపటికి, "పొయ్యిమీద పులుసు మాడుతున్నదమ్మా!" అని నేనే కేకవేయవలసివచ్చింది.

ఎపాక్సీ గొట్టం మాత్రం వృథా పోలేదు. దానితో విరిగిన ప్లాస్టిక్ బకెట్టు పిడి అతికించుకున్నాము. దాన్ని మళ్ళీ విప్పవలసిన అవసరం ఎవరికీ రాదు గదా!