కాళ్లు చచ్చుబడే పప్పు: గుట్టు తేల్చిన శాస్త్రజ్ఞుడు

నిజామాబాద్ గంజ్‌లోనైనా, బోధన్ సంతలోనైనా కందిపప్పు కొనేటప్పుడు కాస్త అరచేతిలో పోసుకొని చూడటం మంచిది. గుండ్రటి కంది బద్దల మధ్య ఒక పక్క నొక్కుకుపోయి, కోణాలు తేలి కనిపించేది కేసరి పప్పు. దానిలోని విషాన్ని పట్టుకున్న వారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన డాక్టర్ ఎస్.ఎల్.ఎన్. రావు ఒకరు.

వానలు ముఖం చాటేసినా కేసరి పండుతుంది. పేదల పాలిట అదే శాపమైంది. మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతంలో జీతగాళ్లకు కూలి కింద ఈ గింజలే కొలిచేవారు. ఎప్పుడో ఓ పూట తింటే ఏమీ కాదు. నెలల తరబడి అదే తిండి అయినవారికి కాళ్లు బిగుసుకుపోయి, కర్ర లేనిదే అడుగు పడేది కాదు. అలా పోయిన కాళ్లు తిరిగి రావు.

1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రావు, అడిగ, శర్మ ఆ గింజల నుంచి విషాన్ని విడదీశారు. కోడిపిల్లలకు సూది ద్వారా ఎక్కిస్తే మెడలు మెలితిరిగాయి. అది నరాల కణాలను అదే పనిగా రెచ్చగొట్టి చంపుతుందని తర్వాత తేలింది. మెదడు కణాలు ఒకదాని కబురు మరొకటి ఎలా అందుకుంటాయో తెలుసుకునేందుకు విదేశీ శాస్త్రజ్ఞులు కూడా ఈ పదార్థాన్నే పనిముట్టుగా వాడుకోవడం విశేషం.

అమ్మకాన్ని 1961లోనే నిషేధించినా కొన్ని రాష్ట్రాలు పట్టించుకోలేదు. ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే విషం చాలావరకు పోతుంది. తాగునీటికే కటకటలాడే కరువు ఇంట్లో ఆ సలహా పాటించేదెవరు?

రావు మాత్రం ఈ గింజను వదల్లేదు. దానిలోని మంచి గుణాల గురించి 2011లో వ్యాసం రాశారు. రక్తస్రావం ఆపేందుకు చైనావారు వాడే ఒక జిన్‌సెంగ్ వేరులోనూ ఇదే పదార్థం ఉంది.