కుళ్ళును ఆపిన విద్య

మా పాఠశాల ప్రయోగశాల బీరువాలో ఒక గాజు జాడీ ఉంది. అందులో ఒక కట్లపాము చుట్ట చుట్టుకొని ఉంటుంది. నేను ఆ బడిలో చేరేనాటికే అది అక్కడ ఉంది. ఒకసారి వేసవి సెలవుల తర్వాత బీరువా తెరిచి చూస్తే జాడీ మూత వదులై, లోపలి ద్రవం సగానికి తగ్గిపోయింది. ద్రవానికి పైన మిగిలిన పాము శరీరం ముడతలు పడి, నల్లబడి, ముట్టుకుంటే పొడి రాలేలా తయారైంది. మునిగి ఉన్న భాగం మాత్రం పొలుసుతో సహా చెక్కుచెదరలేదు. పాము ఒకటే, జాడీ ఒకటే. తేడా అంతా ఆ ద్రవంలోనే ఉంది.

ఈ సంగతి పిల్లలకు చెబుతూ ఉండగా, మనిషి శరీరాన్ని కూడా ఇలాగే ఉంచుతారా అని వాళ్ళు అడిగారు. అందుకని రెండేళ్ళ క్రితం పదో తరగతి వాళ్ళను ఒక వైద్య కళాశాలలోని శరీర నిర్మాణ శాస్త్ర విభాగానికి తీసుకువెళ్ళాను. అక్కడి మ్యూజియంలో గోడ పొడవునా అరలు, అరల నిండా జాడీలు. గుండె, ఊపిరితిత్తి, మూత్రపిండం, నిలువుగా కోసిన మెదడు. ఆ ఘాటు వాసనకు అందరికీ కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఒక అమ్మాయి మాత్రం గుండె ఉన్న జాడీ ముందు ఆగిపోయి, "మాస్టారూ, ఇది ఎవరిదండీ?" అని అడిగింది.

"మనిషిదేనమ్మా," అన్నాను.

"అది తెలుసండీ. ఏ మనిషిది?"

జాడీ మీద ఒక అంకె తప్ప మరేమీ లేదు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకు చివర్లో వద్దాం. ముందు అసలు ఆ గుండె కుళ్ళకుండా ఎలా నిలిచిందో చూద్దాం.

ఇద్దరు శత్రువులు

కోసిన మామిడికాయ ముక్క రెండు రోజుల్లో చెడిపోతుంది. అదే ముక్క ఆవకాయ జాడీలో ఏడాది ఉంటుంది. చేప పూటలో చెడుతుంది, ఉప్పుచేప నెలల తరబడి ఉంటుంది. ఉప్పు నీటిని లాగేస్తుంది, నీరు లేనిచోట సూక్ష్మజీవులు పెరగలేవు. ఇది మన ఇళ్ళలో అందరికీ తెలిసిన విద్యే.

మనిషి శరీరం విషయంలో శత్రువులు ఇద్దరు. మొదటి శత్రువు లోపలే ఉంది. శ్వాస ఆగి కణాలకు ఆక్సిజన్ అందకపోతే, కణంలో ఇన్నాళ్ళూ కట్టుబాటులో ఉన్న ఎంజైములు బయటపడి ఆ కణాన్నే జీర్ణం చేయడం మొదలుపెడతాయి. అన్నాన్ని అరిగించే రసాలను తయారుచేసే క్లోమం తొందరగా తనను తానే కరిగించుకుంటుంది. రెండో శత్రువు పేగుల్లోని బాక్టీరియా. బతికి ఉండగా వాటిని హద్దులో ఉంచిన కాపలా లేకపోయేసరికి అవి నలువైపులా పాకుతాయి. మన ఎండల్లో ఇదంతా గంటల్లోనే మొదలవుతుంది.

1316లో ఇటలీలోని బొలోన్యా నగరంలో శరీర నిర్మాణం మీద గ్రంథం రాసిన మొండినో అనే ఆచార్యుడు శవాన్ని కోసే వరుస ఇలా పెట్టాడు: ముందు పొట్ట, తర్వాత ఛాతీ, తర్వాత తల, చివరగా కాళ్ళు చేతులు. ఇందులో శాస్త్రమేమీ లేదు. ఏది ముందు కుళ్ళుతుందో దాన్ని ముందు చూసేయాలి, అంతే! మొత్తం చదువు నాలుగు రోజుల్లో ముగియాలి. అది కూడా చలికాలంలోనే.

అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన సుశ్రుతుడు దీనికి వేరే దారి పట్టాడు. ఆ పద్ధతి చదివినప్పుడల్లా నాకు ముచ్చట వేస్తుంది. విషం వల్ల గానీ దీర్ఘరోగం వల్ల గానీ చనిపోని మనిషి దేహాన్ని తీసుకొని, పేగుల్లోని మలం తొలగించి, గడ్డితో, నారతో చుట్టి, పంజరంలో పెట్టి, మెల్లగా పారే నీటిలో చాటుగా ఉంచమన్నాడు. ఏడు రాత్రులు గడిచాక బయటికి తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు వంటి వాటితో కట్టిన కుంచెతో నెమ్మదిగా రుద్దాలి. చర్మం పొర తర్వాత పొర ఊడివస్తుంటే లోపలున్న ప్రతిదాన్నీ కళ్ళతో చూడాలి. గమనించారా? ఆయన కుళ్ళుతో పోరాడలేదు. కుళ్ళునే కత్తిగా వాడుకున్నాడు. అయితే ఆ శరీరం ఒక్కసారికే పనికివస్తుంది. వచ్చే ఏడాది శిష్యులకు మళ్ళీ మొదటినుంచి రావాల్సిందే.

సారాలో నిలిచిన చేతులు

1660ల దశకంలో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్, అదే, వాయువుల పీడనానికీ ఘనపరిమాణానికీ సంబంధం చెప్పిన బాయిలే, సారాలో పక్షి పిండాల వంటి చిన్న నమూనాలు చెడకుండా ఉంటాయని చూపించాడు. ఎందుకు ఉంటాయో మీరే చూడవచ్చు. మీ సైన్సు మాస్టారి సమక్షంలో ఒక గిన్నెలో కోడిగుడ్డు తెల్లసొన వేసి, దాని మీద సర్జికల్ స్పిరిట్ పోయండి. దగ్గర్లో మంట ఉండకూడదు. పొయ్యి మీద పెట్టకుండానే సొన తెల్లగా గడ్డకడుతుంది. సారా అందులోని మాంసకృత్తుల ఆకారాన్ని మార్చివేసింది, నీటిని లాగేసింది. కణాల్లోనూ జరిగేది అదే.

ఈ విద్యలో ఆరితేరినవాడు హాలండు దేశపు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న ఫ్రెడెరిక్ రాయిష్ (1638–1731). రక్తనాళాల్లోకి రంగు కలిపిన కరిగిన మైనం ఎక్కించి, జుట్టంత సన్నని నాళాలను సైతం ఎర్రగా కనబడేలా చేసేవాడు. తర్వాత సారాలో ఉంచేవాడు. ఆయన కూతురు రేఖెల్ పూలబొమ్మలు గీయడంలో పెద్ద పేరున్న చిత్రకారిణి. 1717లో రష్యా చక్రవర్తి పీటర్ ఆ సేకరణ మొత్తాన్ని 30,000 గిల్డర్లకు కొన్నాడు. అందులో చాలా నమూనాలు మూడు వందల ఏళ్ళు దాటినా సెయింట్ పీటర్స్‌బర్గ్ మ్యూజియంలో నేటికీ ఉన్నాయి. అమ్మేనాటికి రాయిష్‌కు దాదాపు 80 ఏళ్ళు. మర్నాడే కొత్త సేకరణ మొదలుపెట్టాడని చెప్పినా నమ్మవచ్చు, ఎందుకంటే నిజంగానే మళ్ళీ మొదలుపెట్టాడు.

కానీ సారా ఖరీదైనది. చిన్న జాడీలకు సరే, నిండు శరీరానికి ఎలా? అది లేకనే 1828లో స్కాట్లండులోని ఎడింబరోలో ఒక ఘోరం జరిగింది. వైద్య విద్యార్థులు వందల సంఖ్యలో ఉన్నారు. చట్టం అనుమతించిన శవాలు బహు కొద్ది. దొరికినవి కొద్ది రోజులే ఉంటాయి. కాబట్టి తాజా శవానికి మంచి ధర పలికేది. బర్క్, హేర్ అనే ఇద్దరు తమ బసలో చనిపోయిన ఒక ముసలివాడి శవాన్ని 7 పౌండ్ల 10 షిల్లింగులకు అమ్మి రుచి మరిగారు. ఇక సహజంగా చనిపోయేవాళ్ళ కోసం ఎదురుచూడలేదు. ఆ ఏడాది పదహారు మందిని చంపి అమ్మారు. హేర్ ప్రభుత్వ సాక్షిగా మారి బయటపడ్డాడు. బర్క్‌ను 1829 జనవరిలో ఉరితీసి, అతని శవాన్నే విద్యార్థుల ముందు కోశారు. అతని అస్థిపంజరం ఇప్పటికీ ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఉంది. తర్వాత 1832లో బ్రిటన్ చట్టం చేసింది, అనాథాశ్రమాల్లో చనిపోయి ఎవరూ అడగని వాళ్ళ శవాలను వైద్యశాలలకు ఇవ్వవచ్చని. హత్యలు ఆగాయి. భారం మాత్రం బీదవాళ్ళ మీద పడింది.

ఒక డాక్టరు వేళ్ళు

ఫార్మాల్డిహైడ్ అనే వాయువును 1859లో రష్యా రసాయనవేత్త బుట్లెరోవ్ తొలిసారి తయారుచేశాడు, అదేమిటో తెలియకుండానే. 1860ల్లో హాఫ్‌మన్ దాన్ని గుర్తించాడు. ముప్పై ఏళ్ళ దాకా అది మనిషి దేహాన్ని నిలుపుతుందని ఎవరికీ తట్టలేదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లుమ్ అనే డాక్టరు, ఆ వాయువు కలిపిన నీరు సూక్ష్మజీవులను చంపుతుందా అని పరీక్షిస్తున్నాడు. పని చేస్తూ చేస్తూ తన వేళ్ళ చర్మం గట్టిపడిందని గమనించాడు. మనమైతే చేతులు కడుక్కొని విసుక్కుంటాం. ఆయన మాత్రం, బతికున్న చర్మమే ఇలా అయితే ముక్కగా కోసిన కణజాలం ఏమవుతుంది అని ఆలోచించాడు. 1893లో ఫలితం ప్రకటించాడు.

అసలు కిటుకు తోళ్ళు పదునుచేసే వారికి ఎప్పటినుంచో తెలిసినదే. పచ్చి తోలు కుళ్ళుతుంది. తంగేడు చెక్క రసంలో నానిన తోలు చెప్పుగా మారి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మాంసకృత్తుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి గనుక. ఫార్మాల్డిహైడ్ కూడా అంతే. పక్కపక్కనున్న రెండు గొలుసుల మధ్య ఒక కార్బన్, రెండు హైడ్రోజన్ పరమాణువులతో చిన్న వంతెన కడుతుంది. ఇలాంటి వంతెనలు కోట్లకొద్దీ పడితే కణం ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. ఎంజైములూ మాంసకృత్తులే, బాక్టీరియా శరీరమూ మాంసకృత్తులే. కాబట్టి లోపలి శత్రువూ బయటి శత్రువూ ఒకే దెబ్బకు పడిపోతాయి.

ఆ వాయువు నీటిలో 37 నుంచి 40 శాతం దాకా కరిగి ఉన్న ద్రావణమే ఫార్మలిన్. "10 శాతం ఫార్మలిన్" అంటే అందులో ఉన్న ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతమే. ఇక్కడ పెద్ద పెద్దవాళ్ళే తడబడతారు.

అయితే నిండు శరీరాన్ని ఫార్మలిన్ తొట్టిలో ముంచితే సరిపోదు. అది కణజాలంలోకి గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున ఇంకుతుంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా మందగిస్తుంది. తొడ మధ్యకు చేరాలంటే ఎన్ని సెంటీమీటర్లు పోవాలో, ఎన్ని రోజులు పడుతుందో మీరే లెక్క కట్టండి. ఈలోగా లోపల కుళ్ళిపోతుంది. మరి ఉపాయం? శరీరంలో ప్రతి మూలకూ వెళ్ళే కాలువలు ముందే తవ్వి ఉన్నాయి కదా! తొడ మొదట్లోనో మెడలోనో ఉన్న ధమనిని తెరిచి, ఎత్తున కట్టిన పాత్రనుంచి గానీ పంపుతో గానీ ద్రవాన్ని ఎక్కిస్తారు. జీవితాంతం గుండె రక్తాన్ని పంపిన దారులవెంటే ఫార్మలిన్ వెళ్ళి వేలి చివరిదాకా చేరుతుంది. దానితోపాటు శరీరం మరీ ఎండిపోకుండా గ్లిజరిన్, బూజు పట్టకుండా ఫినాల్, ద్రవం బాగా ఇంకడానికి సారా కలుపుతారు.

మెదడు సంగతి వేరు. పచ్చి మెదడు గడ్డపెరుగంత మెత్తన. బకెట్టు అడుగున పెడితే తన బరువుకు తానే అప్పచ్చిలా అణిగి, అదే ఆకారంలో గట్టిపడుతుంది. అందుకని మెదడు అడుగుభాగాన ఉన్న ధమని కింద నుంచి ఒక దారం పోనిచ్చి, ఫార్మలిన్ బకెట్టులో అడుగుకు తగలకుండా తలకిందులుగా వేలాడదీస్తారు. రెండు మూడు వారాల్లో ఉడికిన గుడ్డులా గట్టిపడి, పలచని ముక్కలుగా కోయడానికి వీలవుతుంది. ఇంత పెద్ద శాస్త్రంలో చివరికి పని కానిచ్చేది ఒక నూలుదారం!

ఫార్మలిన్‌కు లోపాలున్నాయి. కణజాలం బూడిదరంగుకు తిరుగుతుంది. 1890ల్లో జర్మనీకి చెందిన కైజర్లింగ్, ఫార్మలిన్‌తో బిగించిన నమూనాను కొంతసేపు సారాలో ఉంచితే రక్తపు రంగు తిరిగి వస్తుందని కనిపెట్టాడు. రంగు వచ్చాక గ్లిజరిన్, పొటాషియం ఎసిటేట్ ద్రావణంలో నిలవ ఉంచాలి. మ్యూజియం జాడీల్లో ఎర్రదనం కనిపించడం వెనుక ఉన్నది ఆ పద్ధతే. ఇంకా పెద్ద లోపం ఆ వాయువు విషం కావడం. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. కాబట్టి మీరు ఫార్మలిన్ సీసా జోలికి పోకండి. మా కట్లపామును కొత్త ద్రవంలోకి మార్చిన రోజున నేను కిటికీలన్నీ తెరిచి, పిల్లలందర్నీ బయటికి పంపాను.

1977లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుంథర్ ఫాన్ హాగెన్స్‌కు ఒక సందేహం వచ్చింది. అప్పట్లో నమూనాలను ప్లాస్టిక్ దిమ్మెల్లో పోతపోసేవారు. ప్లాస్టిక్ బయట ఎందుకు ఉండాలి, లోపల ఎందుకు ఉండకూడదు? గోళ్ళరంగు తుడిచే ద్రవంలో ఉండే ఎసిటోన్‌ను సున్నాకు 25 డిగ్రీలు తక్కువ చలిలో పట్టించి, కణజాలంలోని నీటిని తీసేశాడు. తర్వాత నమూనాను ద్రవ సిలికోన్‌లో ముంచి, పైనున్న గాలిని లాగేశాడు. పీడనం తగ్గగానే ఎసిటోన్ బుడగలుగా ఆవిరైపోతుంది. అది ఖాళీచేసిన చోటికల్లా సిలికోన్ పోయి చేరుతుంది. చివరికి వాయువు తగిలించి గట్టిపరుస్తారు. అలా తయారైన గుండెకు వాసన లేదు, తడి లేదు. చేతిలోకి తీసుకొని తిప్పి చూడవచ్చు.

ఆ అమ్మాయి ప్రశ్న

నమూనా ఎంత అందంగా నిలిచినా అది ఎవరిదన్న ప్రశ్న పోదు. మన దేశం నుంచే ఎన్నో ఏళ్ళు మనిషి అస్థిపంజరాలు విదేశాల కళాశాలలకు ఎగుమతి అయ్యాయి. 1985లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2008లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ జరిపినప్పుడు, ప్లాస్టిక్ నింపిన దేహాలను ఊరూరా చూపించిన ఒక సంస్థ, వాళ్ళు సమ్మతించినట్టు రుజువులు చూపలేకపోయింది. ఇందుకు భిన్నంగా, తమ దేహాన్ని చదువుకు ఇమ్మని ముందే చెప్పి వెళ్ళేవారున్నారు. 2010లో జ్యోతి బసు, 2024లో మన తెలుగువాడైన సీతారాం ఏచూరి దేహాలు దహనానికి వెళ్ళలేదు. మొదటిది కోల్‌కతాలోని వైద్య కళాశాలకు, రెండవది ఢిల్లీలోని ఎయిమ్స్‌కు చేరాయి.

ఆ రోజు ఆ అమ్మాయి ప్రశ్న విన్న విభాగం ప్రొఫెసరు గారు నవ్వేయలేదు. బీరువా తాళం తీయించి, అట్టలు ఊడిన ఒక పాత రిజిస్టరు బయటికి తెప్పించారు. జాడీ మీది అంకె వెతికి వేలు పెట్టి చూపించారు. అవయవం పేరు ఉంది. ద్రవం మార్చిన తేదీలు ఉన్నాయి. "ఎవరిది" అన్న గడిలో రెండే మాటలు: అనాథ శవం. పక్కనే ఉన్న కొత్త రిజిస్టరులో అలా లేదు. ప్రతి వరుసకూ ఒక సమ్మతి పత్రం సంఖ్య ఉంది. దాత చేవ్రాలు, ఇంట్లోవాళ్ళ సంతకం ఉన్న ఆ పత్రాలను వేరే భద్రపరుస్తామనీ, పేర్లు విద్యార్థులకు చెప్పమనీ, అయితే మొదటి ఏడాది పిల్లలు కత్తి పట్టేముందు ఆ దేహం ఎదుట నిలబడి ప్రతిజ్ఞ చేస్తారనీ ఆవిడ చెప్పారు.

"మరి ఈ పాతవాళ్ళకు కూడా చేస్తారాండీ?" అంది మా అమ్మాయి.

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదమ్మా," అన్నారు. ఆ అమ్మాయి మళ్ళీ జాడీ దగ్గరికి వెళ్ళి, దాని మీది అంకెను తన నోటుపుస్తకంలో రాసుకుంది.