వేఱుంచుట వెలివేయుట కాదు

చిలకలూరిపేట ప్రాంతమున నొకరు మంచము పట్టినచో బంధుమిత్రులు పండ్లు చేతఁబట్టి పరామర్శకు బయలుదేరుదురు. ఇది మన మర్యాద. కాని ఆసుపత్రిలో అంటురోగి గదియందు నీ మర్యాదయే అపాయకరమగును.

అంటురోగములన్నియు నొకే త్రోవను వ్యాపింపవు. క్షయ, తట్టు, ఆటలమ్మ గాలివలన వ్యాపించును. తట్టు రోగి గది వీడిన పిదపను రెండు గంటలవఱకు సూక్ష్మక్రిములు గాలిలో నిలువఁగలవు. కావున నట్టి రోగికి వేఱు గదియు, మూసిన తలుపును, లోని గాలి ఆరుబయటికిఁ బోవు మార్గమును, క్షయరోగి సేవకులకు బిగువుగా నమరు ఎన్‌-95 మాస్కును వలయును. ఇన్‌ఫ్లుయెంజా దగ్గు తుంపురులవలన నంటును. దగ్గఱకుఁ బోవువారికి మాస్కు వలయును. కలరా చెడిన నీటివలనను, మలమంటిన చేతులవలనను నంటును; అచ్చట చేతితొడుగులును, సబ్బును, నీరును ముఖ్యములు.

మన పెద్ద లీ సంగతి బొత్తిగా నెఱుఁగనివారు కారు. అమ్మవారు పోసిన యింటి గుమ్మమున వేపమండలు గట్టుట పొరుగువారికి హెచ్చరికగా నుండెడిది. హైదరాబాదు నల్లకుంట జ్వరాసుపత్రిని జనులు 'కోరంటి దవాఖాన' యందురు. ఓడలను నలువది దినములు రేవున నిలిపిన నాఁటి యిటాలియను మాటయే యింగ్లీషుగుండ వచ్చి కోరంటి యైనది.

అయినను 2020లో కోవిడ్‌ ప్రబలినపుడు వేఱుంచుట పలుచోట్ల వెలివేయుటగా మాఱెను. మృతులకు శ్మశానమునఁ జోటీయని యూళ్లు నుండెను. రోగము నడ్డఁగింపవలయును గాని రోగిని గాదు.

పరామర్శ మానుఁడని మే మనుటలేదు. ఒక్కరు సేవకు నిలిచినఁ జాలును. తక్కినవారు టెలిఫోనులో ధైర్యము చెప్పి, ఆ కుటుంబపు పత్తిచేని పనియు, పశువుల మేఁతయు, పిల్లల భోజనమును జూచుకొనవలయును. అంటురోగికిఁ జేయఁదగిన పరామర్శ యిదియే.